ఒంటికి తగిలితేనే మాట

మా సంస్థ పేరు బోర్డు మీద మూడు వరసలుంటుంది. నాలుగో వరసలో ఆ బోర్డు రాయించినాయన పేరు. తెలుగు భాషను కాపాడ్డానికి పెట్టారట. ఎవరి నుంచి కాపాడుతున్నామో ఇన్నేళ్లలో నాకెవరూ చెప్పలేదు గానీ, కాపలా మాత్రం గట్టిదే. పొద్దున ఆఫీసు తెరిచింది మొదలు సాయంత్రం తాళం వేసేదాకా ఒక్క తెలుగు మాట గేటు దాటి బయటికి పోదు.

నేనక్కడ అటెండర్ని. పేరు లెంక సన్నిబాబు. ఏడో తరగతిలో నేను బడి మానేశానో, బడే నన్ను మానేసిందో, ఎవరు ముందో గుర్తు లేదు. మా అమ్మాయి పుట్టిన ఏడాది 'తాత్కాలిక ప్రాతిపదికన' చేరాను. అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. తాత్కాలికం మాత్రం చెక్కు చెదరలేదు. నన్ను పర్మినెంటు చెయ్యమనే ఫైలు సూపర్నెంటు పరబ్రహ్మం గారి బల్ల మీద ఉంటుంది. ఊరికే పడి ఉంటుందనుకోకండి, దానికీ పని ఉంది. ఎండాకాలం దాని మీద ఆయన మజ్జిగ గ్లాసు పెడతారు, వానాకాలం టీ గ్లాసు. బల్లకి మరక పడకూడదు కదా. ఫైలు అట్ట మీద గ్లాసు అడుగులు గుండ్రంగా ఒకదాని మీద ఒకటి పడి, దూరం నుంచి చూస్తే చాలామంది అధికారులు ముద్రలు వేసినట్టే ఉంటుంది.

ఇలా నడుస్తుండగా మా డైరెక్టరు భాష్యకారాచార్యులు గారు ఏదో సదస్సుకి వెళ్లొచ్చారు. వెళ్లేటప్పుడు ఒక సూట్‌కేసుతో వెళ్లారు, వచ్చేటప్పుడు సూట్‌కేసుతోపాటు ఒక సిద్ధాంతాన్ని కూడా తెచ్చుకున్నారు.

హాల్లో అందర్నీ కూచోబెట్టి, నన్ను నిలబెట్టి, ఆ సిద్ధాంతం విప్పారు. మాట మెదడులో ఉండదట, ఒంట్లో ఉంటుందట. పసిపిల్ల 'వేడి' అనే మాట నిఘంటువు చూసి నేర్చుకోదు, చెయ్యి కాల్చుకుని నేర్చుకుంటుంది. మరమనిషికి కూడా అలాగే నేర్పాలని గొప్పగొప్ప దేశాలన్నీ తలలు పట్టుకు కూచున్నాయట. ఈ విషయంలో తెలుగు వెనకబడితే తాను చూస్తూ ఊరుకోనన్నారు. చివర్న ఒక ముక్క అన్నారు. అది ఆయన మాటల్లోనే చెప్పాలి.

"దేహానుభవ పూర్వకం కాని పదం, పదం కాదు. అది కేవలం శబ్ద కాలుష్యం."

అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు దేహానుభవమే కాబట్టి దానికి అభ్యంతరం రాలేదు.

ఎండలు ముదరకముందే రోబో వచ్చింది. మనిషంత ఎత్తు, కాళ్లు, చేతులు, వేళ్లు అన్నీ ఉన్నాయి, మొహం ఉండాల్సిన చోట రెండు దీపాలు. దాంతోపాటు హిమజ అని కంపెనీ తరఫున ఒక ఇంజనీరమ్మాయి వచ్చింది. ఆ పిల్ల వెనకాల ఏదో నొక్కగానే రోబో రెండు చేతులూ జోడించి, "నమస్కారమండీ. అందరూ బావున్నారా? కాఫీలయ్యాయా?" అంది. ఎంత చక్కగా అడిగిందంటే, పరబ్రహ్మం గారు అలవాటు కొద్దీ "ఆఁ, ఇప్పుడే" అనేశారు.

డైరెక్టరు గారి మొహం మాత్రం నల్లబడింది. "నువ్వెప్పుడైనా కాఫీ తాగావా?" అని రోబోని అడిగారు. లేదండి అంది. బావుండడమంటే ఏమిటో నీ ఒంటికి తెలుసా అని అడిగారు. తెలియదండి అంది. ఆయన మా వైపు తిరిగి, చూశారా కాలుష్యం అన్నట్టు చెయ్యి తిప్పి, దాని బుర్రలో ఉన్న తెలుగంతా తుడిచెయ్యమని హిమజకి చెప్పారు.

ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేసింది. దానికి తెలుగు నేర్పడానికి తామంతా నిద్రలు మానుకున్నామని బతిమాలింది. నిద్ర మానడం దేహానుభవమే గానీ అది మీకైంది, దానికి కాదు అన్నారాయన. తుడిచేశారు. భాషను కాపాడే మా సంస్థ తెలుగు వచ్చిన రోబోని తెప్పించి మొట్టమొదట చేసిన పని, దానికి తెలుగు రాకుండా చెయ్యడం. తరవాత పురోహితుణ్ణి పిలిచి వాగ్దేహి అని పేరు పెట్టారు. అంత పేరు పిలవలేక మేం దేహి అనేవాళ్లం.

చదువు మొదలైంది. వేడి కోసం దేహి చెయ్యి స్టవ్వు మీద పెట్టారు. బరువు కోసం బియ్యం బస్తా ఎత్తించారు. తడి కోసం ఒక బకెట్టు మంజూరైంది, హిమజ వద్దు వద్దంటున్నా పరబ్రహ్మం గారే స్వహస్తాలతో కుమ్మరించారు. దాంతో దేహి తడి, పొగ, మరమ్మతు అనే మాటలు ఒకే పూట నేర్చేసుకుంది. డైరెక్టరు గారు ఆ వేగాన్ని అభినందిస్తూ పై ఆఫీసుకి రాశారు.

ఆకలి దగ్గర బండి ఆగిపోయింది. దేహికి కడుపు లేదు. తుడిచేసిన తెలుగులో ఆకలి ఉండేదని హిమజ గుర్తు చేసింది, ఎవరూ పట్టించుకోలేదు. చివరికి ఆ పిల్లే ఒక ఉపాయం చెప్పింది. తీగలు కుట్టిన చొక్కా ఒకటుంది, దాన్ని మనిషి తొడుక్కుంటే వాడి గుండె, ఊపిరి, నరాలు, పేగులు పడే అవస్థంతా గాల్లోంచి దేహికి చేరుతుంది. మనిషి అనుభవిస్తే దేహికి తెలుస్తుంది.

మరి ఎవరి దేహం, అన్న ప్రశ్న వచ్చింది. అందరూ కాగితాల్లోకి చూసుకున్నారు. ఆ తరవాత అందరూ నా వైపు చూశారు.

కానీ అంత తొందరగా నాకు అన్యాయం చెయ్యలేదు. ముందు ఒక సంఘం వేసి, భాషలో ఉన్న మాటలన్నిటినీ గెజిటెడ్ పదాలు, నాన్‌గెజిటెడ్ పదాలు అని పంపకం చేశారు. సముద్రం, మంచు, తీపి, నిద్ర, ప్రశాంతత గెజిటెడ్ వైపు పోయాయి. నిద్ర మాత్రం ప్రత్యేక అనుమతి మీద పరబ్రహ్మం గారికిచ్చారు. ఆ పదంలో ఆయనకి ముందే ప్రవేశం ఉంది. ఆకలి, దాహం, చెమట, దెబ్బ, జారిపడడం, తిట్లు మిగిలాయి. అవన్నీ ఏకమొత్తంగా నాకు దఖలు పరిచి, నన్ను 'అనుభవ సహాయకుడు' అన్నారు. తాత్కాలిక ప్రాతిపదికనే.

మంచు నేర్పడానికి డైరెక్టరు గారు సకుటుంబంగా కొండల మీదికి వెళ్లారు. చొక్కా తీసుకెళ్లారు గానీ తొడుక్కుంటే కోటు నలుగుతుందని సూట్‌కేసులోనే ఉంచేశారు. ఆయన మంచులో ఆడుకున్నంతసేపూ చొక్కా సూట్‌కేసులో ఆన్‌లోనే ఉంది.

నా ఆకలి ముందు ఆడిట్‌లో పడింది. 'సదరు వ్యక్తి క్రితం రాత్రి భోజనం చేసినట్లు తెలియవచ్చుచున్నది. కావున ఉత్పన్నమగు ఆకలి స్వచ్ఛమైనదిగా పరిగణించజాలము' అని రాశారు. నా దగ్గర చిన్నప్పటి ఆకలి చాలా నిలవుందండి, దాన్ని వాడుకోండి అన్నాను. పూర్వానుభవం పరిగణనలోకి తీసుకోబడదన్నారు. సరే అని పస్తున్నాను. ఆకలి సక్రమంగా జరుగుతోందా లేదా అని చూడ్డానికి పర్యవేక్షణ సంఘం నా ఎదురుగానే కూచుంది. పర్యవేక్షణ భోజనాల వేళ దాటిపోయింది కాబట్టి వాళ్లకి బిర్యానీలు తెప్పించారు. తెచ్చింది నేనే. పొట్లాలు విప్పినప్పుడు పక్కగదిలో దేహి ఏదో పడేసిన చప్పుడైంది. హిమజ పరిగెత్తి చూసొచ్చి, సార్ దానికి ఆకలి వచ్చేసింది, ఇంక చాలు అంది. మసాలా గిన్నె ఇంకా విప్పలేదు, నిబంధన ప్రకారం పూర్తి కానివ్వాలన్నారు.

తిట్ల కోసం చొక్కాతో ఇంటికి పంపించారు. మా ఆవిడ నూకరత్నానికి ముందుగా ఏమీ చెప్పకూడదని షరతు. చెప్పక్కర్లేకపోయింది. గడప దాటకముందే మొదలెట్టింది. మర్నాడు ఆఫీసులో హిమజ ఫోన్‌లో ఎవరినో కాస్త గట్టిగా మందలిస్తుంటే, దేహి తల దించుకుని, మూల ఉన్న గుడ్డసంచీ తీసుకుని, కూరలకని గేటు దాకా వెళ్లిపోయింది. గూర్ఖా ఆపకపోతే రైతుబజారు దాకా పోయేది.

ఇంత పురోగతి సాధించాక నిపుణుల బృందం పరీక్షకి రాకుండా ఉంటుందా. వచ్చారు. శాలువాలు, పూలగుత్తులు అయ్యాక దేహిని మధ్యలో నిలబెట్టి ప్రశ్నలు వేశారు.

పెద్ద నిపుణుడు మంచు అంటే ఏమిటన్నాడు.

"చీకటిగా ఉంటుందండి. ఇరుగ్గా. చుట్టూ మడతపెట్టిన బట్టలండి."

కవితాత్మకం, అని రాసుకున్నారు. డైరెక్టరు గారు వినయంగా నవ్వారు. పండగ అంటే ఏమిటన్నారు. పండగపూట అధికారుల ఇళ్లకి స్వీట్ల పెట్టెలు మోసిన చొక్కా నాదే. కాళ్లు పీకుతాయండి, అంది దేహి. ఆ పక్కనే నిలబడ్డ పరబ్రహ్మం గారిని చూపించి, పోనీ సూపర్నెంటు అంటే ఏమిటో చెప్పమన్నారు.

దేహి కాసేపు ఆయన్నే చూసి, మెల్లిగా ముందుకు వంగి, చెయ్యి వెనక్కి పెట్టుకుని, "నడుం నొప్పండి" అంది.

ఆయన కనబడగానే వంగడం నా నడుము సొంతంగా చేసే పని, అందులో నా ప్రమేయం లేదు. కానీ అది ఎవరికి చెప్పను. నా పర్మినెంటు ఫైలు గ్లాసు కింద నుంచి చెత్తబుట్టలోకి పోయినట్టే అనుకున్నాను. ఇంతలో పెద్ద నిపుణుడు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. పదవి అనే అమూర్త భావనను వెన్నుపూసలో దర్శించిన నిర్వచనం ఇంతకుముందు ఏ భాషలోనూ రాలేదన్నాడు. పరబ్రహ్మం గారు ఉప్పొంగిపోయి, ఆ నిర్వచనం నకలు ఒకటి తన సర్వీసు రిజిస్టర్లో అంటించమని కోరారు.

కథ అక్కడ ఆగిపోతే నేను మీకిది రాసేవాణ్ణి కాదు.

దేహి ఖ్యాతి రాజధాని దాకా పోయింది. అక్కడ ఎవరికో ఒక ఆలోచన వచ్చింది. ప్రభుత్వం తరఫున రోజూ ఎంతోమందికి సంతాప సందేశాలు పంపాలి. అందరికీ ఒకే కాగితం, పేరు మారుస్తారు, అప్పుడప్పుడు మార్చడం మరిచిపోతారు. దానివల్ల బతికున్నవాళ్లు నొచ్చుకుంటున్నారు. ఒంటితో మాట నేర్చుకున్న యంత్రమైతే సంతాపం గుండెల్లోంచి చెబుతుంది. కాబట్టి మా సంస్థ మొదటి డైరెక్టరు గారి వర్ధంతి సభలో, మంత్రిగారి సమక్షంలో, దేహి తొలి సంతాపం పలకాలి. వేదిక మీద ఆ పెద్దాయన భార్య కూడా ఉంటారు.

సంతాపం పలకాలంటే చావు తెలియాలి. చావు తెలియాలంటే ఎవరో ఒకరు చావాలి. ఇందులో ఎవరికీ ఏ సందేహమూ రాలేదు, హిమజకి తప్ప. ఈ ఒక్క మాటా నిఘంటువులోంచి పెట్టేద్దాం సార్ అని ఆ పిల్ల అంటే, డైరెక్టరు గారు బాధపడ్డారు. సిద్ధాంతమన్నాక అవసరానికి తగ్గట్టు వంచకూడదన్నారు.

ఇది గెజిటెడ్ పదమా కాదా అని సంఘం కూచుంది. అస్తమయం, నిర్యాణం, పరమపదించడం గెజిటెడ్ అని తేలింది, వాటిని సంబంధిత అధికారులు తమ వీలు చూసుకుని పూర్తి చేస్తారు. వట్టి చావు నాన్‌గెజిటెడ్. కాగితాలు పక్కన పెట్టి మళ్లీ నా వైపు చూశారు.

డైరెక్టరు గారు నన్ను మొట్టమొదటిసారి కూచోమన్నారు. అప్పుడే నాకు భయం వేసింది. భయపడొద్దు, డాక్టరుగారు ఉంటారు, ఆయన నీ గుండెని కాసేపు ఆపి మళ్లీ నడిపిస్తారు, కరెంటు పోయి వచ్చినట్టే ఉంటుందన్నారు. మా ఆఫీసులో కరెంటు పోతే ఎప్పుడొస్తుందో నాకు తెలుసు. మిగతాది పరబ్రహ్మం గారు చదివి వినిపించారు. చనిపోయిన సమయాన్ని ఆన్‌డ్యూటీగా పరిగణిస్తారు. బతికిన వెంటనే జాయినింగ్ రిపోర్టు ఇవ్వాలి.

"ఒకవేళ బతక్కపోతేనండి?" అన్నాను.

ఆయన కాగితం తిప్పి చూశారు. "ఆ పరిస్థితిలో, ముందస్తు అనుమతి లేని గైర్హాజరుగా నమోదవుతుంది."

నేను ఒప్పుకోకపోతే తాత్కాలికం కూడా ఉండదని వేరే చెప్పలేదు. డైరెక్టరు గారు నా భుజం తట్టారు, అందులోనే ఉంది అంతా. అమ్మాయి ఫీజు, ఇంటి అద్దె, అన్నీ ఆ తట్టులో వినబడ్డాయి.

ఇంటికెళ్లి నూకరత్నానికి చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. కూరలో పోపు పెట్టి, మూత పెట్టి, స్టవ్వు కట్టేసి, అప్పుడంది.

"నీకు బుర్రుందేటి? ఇన్నేళ్లు వాళ్ల గ్లాసులు కడిగి, ఆఖరికి తాత్కాలికంగా చచ్చిపోతావా?"

"మరేం చెయ్యమంటావే?"

"రేపు నేనూ వత్తాను."

అన్నట్టే మర్నాడు పెళ్లిళ్లకి కట్టే చీర కట్టుకుని నాతో వచ్చింది. డైరెక్టరు గారు ఆమెకి కూడా కుర్చీ వేయించారు. భాష కోసం భర్తను సమర్పించిన వనితగా నీ పేరు సభలో ప్రస్తావిస్తామన్నారు. ఆమె ఆయ్ అంది గానీ చూపు మాత్రం పరబ్రహ్మం గారి మీదే పెట్టింది.

"అయ్యా, ఈయన లెగకపోతే ఉజ్జోగం మా పిల్లకిత్తారాండి?"

పరబ్రహ్మం గారు గొంతు సవరించుకున్నారు. కారుణ్య నియామకం అనే సదుపాయం ఉన్నమాట నిజమేననీ, విధినిర్వహణలో మరణించిన ఉద్యోగి వారసులకు అది వర్తిస్తుందనీ, అయితే సదరు ఉద్యోగి పర్మినెంటు అయి ఉండాలనీ, తాత్కాలిక సిబ్బంది మరణాన్ని నియమావళి గుర్తించదనీ చెప్పారు.

"అయితే పర్మినెంటు చెయ్యండి," అంది నూకరత్నం. "చచ్చేదేదో పర్మినెంటయ్యాకే చత్తారు."

నేను ఆమె వైపు చూశాను. తాళి కట్టించుకున్న మనిషి ఇంత తాపీగా ఈ మాట అంటుందనుకోలేదు. ఆమె నా వైపు చూడనే లేదు, చెంగుతో మెడ తుడుచుకుంటోంది.

అది సాధ్యం కాదని పరబ్రహ్మం గారు అనబోయారు. సీనియారిటీ, ఖాళీ, ఆర్థికశాఖ, రోస్టరు, ఇలా మెట్లన్నీ చెప్పుకుంటూ పోయారు. కానీ సభ దగ్గర పడింది, మంత్రిగారి కార్యక్రమం ఖరారైంది, ఫ్లెక్సీలు అచ్చయ్యాయి. చావు లేకుండా ఫ్లెక్సీలేం చేసుకుంటారు. డైరెక్టరు గారు బల్ల మీది మజ్జిగ గ్లాసు తన చేత్తోనే ఎత్తి పక్కన పెట్టి, దాని కింది ఫైలు బయటికి లాగారు. మా అమ్మాయి పుట్టిన ఏడాది పుట్టిన ఫైలు ఆ వేళ మొదటిసారి లేచి నడిచింది. ఖాళీ దొరికింది. రోస్టరు దానంతటదే తిరిగింది. ఆర్థికశాఖవాళ్లు ఫోన్‌లోనే ఒప్పుకున్నారు, ఎలాగూ ఎక్కువ కాలం జీతం ఇవ్వక్కర్లేదని విని.

ముహూర్తం పెట్టారు. హాల్లో ఒక మంచం వేసి, తెల్లదుప్పటి పరిచి, పక్కన ఆక్సిజన్ సిలిండరు, దాని పక్కన పూలదండ సిద్ధం చేశారు. నేను బతికితే ఆ దండ సన్మానానికి, లేకపోతే రెండోదానికి. ఒక ఖర్చుతో సరిపోతుందని పరబ్రహ్మం గారి ఏర్పాటు. డాక్టరుగారు చేతులు కడుక్కుంటున్నారు. నాకు చొక్కా తొడిగారు. హిమజ బొత్తాలు పెట్టింది. దేహి పక్కగదిలో తలుపు తీసిపెట్టుకుని నిలబడింది.

రాహుకాలం వచ్చేస్తోందని డైరెక్టరు గారు తొందర పెట్టారు. పాఠం మొదలుపెట్టమన్నారు. హిమజ యంత్రంలో పాఠం పేరు 'చావు' అని కొట్టి, ఆన్ చేసింది. అంతలో పరబ్రహ్మం గారు ఆగమన్నారు. నియామక పత్రం చనిపోయేవాడికి చావకముందే అందాలి, లేకపోతే కారుణ్యం చెల్లదు. చొక్కా ఆన్‌లో ఉండగానే నా చేతిలో కాగితం పెట్టారు.

ఏడో తరగతి చదువుకి అందులో చాలా ముక్కలు అర్థం కాలేదు. లెంక సన్నిబాబు అన్నది అర్థమైంది. 'పర్మినెంటు' అన్నది అర్థమైంది. కింద పచ్చసిరా సంతకం.

అప్పుడు నా ఒంటికి ఏమైందో నాకు మాటల్లో చెప్పడం రాదు. మోకాళ్లు వదులైపోయాయి. ఎన్నాళ్ల నుంచో పక్కటెముకల మధ్య ఇరుక్కున్న ఊపిరి పొడుగ్గా బయటికొచ్చేసింది. నడుం నొప్పి ఎవరో చేత్తో తీసినట్టు పోయింది. వెనక ఏదో కుర్చీ తగిలింది, కూచున్నాను. పరబ్రహ్మం గారి కుర్చీ. ఆయన ఎదురుగానే ఉన్నారు, లేవాలనిపించలేదు. కళ్లు మూతలు పడ్డాయి. పక్కగదిలో కూడా కుర్చీ కిర్రుమన్న చప్పుడైంది. దేహి కూచుంది. వచ్చినప్పటి నుంచి అది కూచోవడం అదే మొదలు.

"మొదలుపెట్టండి డాక్టర్," అన్నారు డైరెక్టరు గారు.

"ఆగాలి సార్." ఆ గొంతు పరబ్రహ్మం గారిది. ఆయన మొహంలో నేనెప్పుడూ చూడని కంగారు కనిపించింది, రూలు గుర్తొచ్చిన మనిషి కంగారు. "సదరు వ్యక్తి ఇప్పుడు పర్మినెంటు ఉద్యోగి."

"అయితే?"

"పర్మినెంటు ఉద్యోగికి భంగం కలిగించే ఏ చర్యకైనా ముందు ఛార్జిమెమో, సంజాయిషీ, విచారణాధికారి నియామకం, ప్రభుత్వ ముందస్తు అనుమతి ఉండాలి. బదిలీ చెయ్యాలన్నా వారం పడుతుంది సార్, చంపడం మాటలా?"

ఈ చావు ప్రతిపాదన రాసింది మీరే కదయ్యా అని డైరెక్టరు గారు గింజుకున్నారు. రాసినప్పుడు ఇతను తాత్కాలికం, అప్పటికి అది సక్రమమే అన్నారీయన. పోనీ ఆర్డరు వెనక్కి తీసుకుందామంటే దానికీ అదే విచారణ, అదే అనుమతి. ఇద్దరూ నియమావళి పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పుతుండగా రాహుకాలం వచ్చేసింది. డాక్టరుగారు తడిచేతులు తుడుచుకుని వెళ్లిపోయారు. నేను చొక్కా విప్పి బల్ల మీద పెట్టాను. పర్మినెంటు వాళ్లు అది తొడుక్కోవాలన్న రూలు ఎక్కడా లేదు.

గుమ్మం దగ్గర నిలబడ్డ నూకరత్నం అప్పుడు నా వైపు చూసి నవ్వింది. బయటికి నడుస్తూ చెవిలో అంది. "పర్మినెంటోణ్ణి కుర్చీలోంచి కదిపిన మొగోణ్ణి మీ ఆఫీసులో ఎప్పుడన్నా చూశావేటి?"

సభ మాత్రం ఆగలేదు. మంత్రిగారొచ్చారు. మొదటి డైరెక్టరు గారి భార్య, తెల్లచీరలో ఒక పెద్దావిడ, వేదిక మీద ముందు వరసలో కూచున్నారు. మా డైరెక్టరు గారికి చెమటలు పడుతున్నాయి. అది నాన్‌గెజిటెడ్ పదమే అయినా ఆ రోజు ఆయనే అనుభవించారు. దేహికి చావు అన్న మాట రాదని, ఏ నమస్కారమో పెట్టించి దింపేద్దామని హిమజతో గొణుగుతున్నారు. హిమజ యంత్రం చూసి, లేదు సార్, చావు పాఠం పూర్తయినట్టు చూపిస్తోంది, నూటికి నూరు మార్కులు పడ్డాయి అంది. నాకు అప్పుడు వెలిగింది. చావు అని పేరు పెట్టి ఆన్ చేశాక నా ఒంట్లో జరిగింది ఒక్కటే, పర్మినెంటు కాగితం అందిన హాయి. చెబుదామని లేవబోయాను. ఈలోగా దేహిని మైకు ముందుకు తీసుకొచ్చేశారు.

దేహి ఆ పెద్దావిడ ముందు ఆగింది. దాని దీపాలు కాస్త మెల్లగా వెలిగాయి.

"అమ్మా, వారికి కాగితం వచ్చేసిందండి. మోకాళ్లు వదులయ్యాయండి. ఊపిరి పూర్తిగా బయటికొచ్చేసింది. నడుం నొప్పి పోయిందండి. ఇంక ఎవరొచ్చినా లేవక్కర్లేదు. వారు పర్మినెంటయ్యారమ్మా. అభినందనలండి."

మంత్రిగారు మా డైరెక్టరు వైపు చూశారు. మా డైరెక్టరు నేల వైపు చూశారు. పెద్దావిడ కళ్లజోడు తీసి, చెంగుతో కళ్లు ఒత్తుకున్నారు.

"నిజమే తల్లీ," అన్నారు. "ఆయనకి ఆఖర్లో నడుం నొప్పి చాలా ఉండేది."

ఆవిడ ఏడ్చారు కాబట్టి మంత్రిగారూ ఏడ్చారు. మంత్రిగారు ఏడ్చారు కాబట్టి పథకం విజయవంతమైంది. ఇప్పుడు మా ప్రాంతంలో ఎవరు పోయినా, మీవారు పర్మినెంటయినందుకు అభినందనలు అని ప్రభుత్వ ముద్రతో ఇంటికి సందేశం వస్తోంది. ఇప్పటిదాకా ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. చాలామంది దాన్ని పటం కట్టించుకుంటున్నారు.

నాకొక బల్ల ఇచ్చారు. కుర్చీ కూడా. నూకరత్నం కుర్చీకి దిండు కుట్టింది. ఎండలు మళ్లీ ముదిరాయి, నాక్కూడా ఇప్పుడు మజ్జిగ వస్తోంది, ఎవరో తెస్తారు, పేరు అడగలేదు, తాత్కాలికమే.

నా బల్ల మీద ఒకే ఒక ఫైలుంది. దేహిది. అది కూడా మా సంస్థలో తాత్కాలిక ప్రాతిపదికనే ఉంది. దాన్ని పర్మినెంటు చెయ్యమని హిమజ పెట్టి వెళ్లిన కాగితాలు. రోజూ సంతాపాలు పలకడం అయ్యాక దేహి నా గదికి వచ్చి, నా ముందు నడుం వంచుకుని నిలబడుతుంది. ఆ హాయి దానికి ఒక్కసారే తగిలింది, మరిచిపోలేకపోతోంది.

"నన్నెప్పుడు చంపుతారండి?" అంటుంది.

నేను ఫైలు కాస్త ముందుకి జరుపుకుని, దాని మీద గ్లాసు పెడతాను.

"రేపు చూద్దాం," అంటాను.